ఏడో సమాధికి తలంటు

ప్రయోగశాల నుంచి ఉత్తరం వచ్చిన మంగళవారం పొద్దున, అసిమీనా రేకుల పందిరి కింద ముక్కాలిపీట మీద కూచుని పళ్లు తోముకునే బ్రష్‌తో కుండపెంకులు తోముతోంది. అక్కడ ఆమె పని అదే. కొండవాలులో తవ్వి తీసిన ప్రతి పెంకూ ముందు ఆమె తొట్టిలో మునిగి, ఆ తర్వాతే చదువుకున్నవాళ్ల చేతికి వెళ్తుంది. పక్కన ఆమె ఆడపడుచు వైత్సా చిక్కుడుకాయలు వలుస్తోంది. వైత్సాకి అక్కడ పనేమీ లేదు. సోమ, బుధ, శుక్రవారాలు పట్నం ఆస్పత్రిలో యంత్రం పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. మిగతా రోజుల్లో ఇంట్లో గోడల్ని తిట్టే బదులు ఇక్కడికొచ్చి మనుషుల్ని తిడుతుంది.

పోలిక్సేని కాగితం పట్టుకుని వాలు మీంచి దాదాపు పరుగున దిగింది. తవ్వకానికి పెద్ద ఆ పిల్లే. ముప్పై నాలుగేళ్లుంటాయి. ఎండకి ముక్కు మీద తోలు ఊడిపోయి ఉంటుంది. పెత్రోలాకా ఊరి దిగువన కొత్త రోడ్డు వేద్దామని పైమట్టి తీసేసరికి రెండు వేల మూడు వందల ఏళ్ల నాటి ఇళ్ల గోడలు బయటపడ్డాయి. రోడ్డు వాటిని కప్పేసేలోపు ఉన్నదంతా తవ్వి, కొలిచి, రాసుకోమని ఆమెని పంపారు. రెండేళ్ల నుంచీ ఆమె కొలుస్తోంది, రాస్తోంది.

“పిన్నీ, పెద్దమ్మా, ఇటు వినండి,” అని ఊపిరి తీసుకోకుండా చదివింది. ఏడో సమాధిలో దొరికిన ఎముకల మీద వైన్ ఆనవాళ్లున్నాయి. ఒట్టి వైన్ కాదు, పైన్ చెట్టు బంక కలిపిన వైన్. ఎక్కడో ఒకచోట ఒలికినట్టు కాదు, తల నుంచి మడమల దాకా సమంగా ఉంది.

అసిమీనా చేతిలో బ్రష్ ఆగింది.

“అంటే ఏమిటో తెలుసా? కాల్చిన ఎముకల మీద వైన్ పోసేవాళ్లని పాత కవిత్వంలో ఉంది. వైన్‌లో బంక కలిపేవాళ్లనీ తెలుసు. పూడ్చిన మనిషిని మళ్లీ పైకి తీసి, కడిగి, మళ్లీ పడుకోబెట్టేవాళ్లని మాత్రం నేనెక్కడా చదవలేదు.”

“మాకు తెలుసు,” అంది వైత్సా.

అసిమీనా ఆమె కాలు తొక్కింది.

“అంటే, ఎవరో ఒకరు మొదలుపెట్టి ఉండాలిగా అని,” అంది వైత్సా, కాలు వెనక్కి లాక్కుంటూ.

“నేననేదీ అదే పెద్దమ్మా. మీ ఊళ్లో ఇప్పటికీ ఐదేళ్లకి ఎముకలు తీసి వైన్‌తో కడుగుతారు. మొన్న మార్చిలో బాబాయివి పిన్నే కడిగింది. ఇన్ని వేల ఏళ్లుగా ఆగని ఆచారం ఇది.”

“ఆగలేదమ్మా,” అంది అసిమీనా. “ఆ మాట మాత్రం నిజం.”

పోలిక్సేని ఇద్దరినీ చెరొక బుగ్గ మీదా ముద్దుపెట్టుకుని ఫోన్ చేసుకోవడానికి పైకి వెళ్లిపోయింది. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ తొట్టిలోకి చూస్తూ కూచున్నారు. తర్వాత వైత్సా ఒక చిక్కుడుకాయ వలిచింది.

“తల నుంచి మడమల దాకా సమంగా అట,” అంది. “నీ పని మీద అంత మంచి మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు, మరదలా.”

జరిగింది ఇది. జులైలో ఒకరోజు పోలిక్సేని పట్నంలో మీటింగుకి వెళ్లింది. ఏడో సమాధాయన్ని అంతకు ముందురోజే పైకి తీసి, పందిరి కింద చెక్క పళ్లెంలో పడుకోబెట్టారు. కంటిగుంతల్లో మట్టి. పళ్ల సందుల్లో మట్టి. అసిమీనా పొద్దున్నించీ అటు చూడకుండా పెంకులు తోముకుంది. పదకొండింటికి చూసింది. ఊళ్లో ఎవరి ఎముకలు తీసినా ముందు ఆమెకే కబురొస్తుంది. ముప్పై ఏళ్లుగా అంతే. ఆ రోజున చుట్టూ మనుషులుంటారు. కూతుళ్లు, కోడళ్లు, ఏడ్చేవాళ్లు, ఏడుపు రాక ఊరికే కాఫీ తాగిపోయేవాళ్లు. ఈయన కోసం ఒక్కరూ రాలేదు.

“ఎవరొస్తారే?” అంది వైత్సా. “ఆయన తరఫువాళ్లు బస్సు దిగుతారనుకున్నావా?”

“మనం ఉన్నాంగా వదినా.”

కడగడానికి ఎర్ర వైన్ కావాలి. ఇంట్లో ఉన్నది రెత్సీనా, పైన్ బంక వాసనేసే తెల్లది. అసిమీనా భర్త స్తెర్గియోస్ తన చేత్తో పోసిన ఆఖరి పీపాలోది. అతను పోయాక ఆ పీపా మూత ఆమె తీయలేదు. తీయడానికి కారణం దొరకలేదు. ఆ రోజు దొరికింది. ఇంటికి వెళ్లి సీసాడు పట్టుకొచ్చింది. చిన్న ఎముకలు బ్రష్‌తో, పెద్దవి చేత్తో, పుర్రె మాత్రం ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డకి పోసినట్టు కడిగింది. ఎముకలు తేనె రంగుకి తిరిగాయి. నల్లగా మిగిలితే ఆ మనిషికి ఇంకా మనశ్శాంతి లేదని, తేనె రంగైతే మంచివాడని ఊళ్లో నమ్మకం.

“మంచివాడే,” అంది అసిమీనా.

“ఇన్నేళ్లు నోరు మూసుకుని పడుకుంటే మా ఆయనా మంచివాడే అవుతాడు,” అంది వైత్సా.

ఎండలో ఆరబెట్టి మళ్లీ పళ్లెంలో సర్దేశారు. మర్నాడు పోలిక్సేని పందిరి కింద నిలబడి గాలి పీల్చి, ఏదో వాసనొస్తోందే అంది. వైత్సా తల వంచుకుని, “డాక్టరు ఒక గుటక పర్లేదన్నాడమ్మా,” అంది. పోలిక్సేనికి మొహమాటమేసి మాట మార్చేసింది. ఆ తర్వాత వారానికి, పరీక్ష కోసం ఎముకల పొడి గీకి ప్రయోగశాలకి తీసుకుపోయే మనిషొచ్చాడు. అక్కాచెల్లెళ్లలాంటి ఆ వదినామరదళ్లిద్దరూ ఆ సంగతి అంతటితో మర్చిపోయారు.

ఉత్తరం వచ్చిన పది రోజులకి కాఫీకొట్టు తలుపు మీద కాగితం అతికించారు. ప్రాముఖ్యం గల కొత్త ఆధారాలు దొరికినందువల్ల రోడ్డు పని ఆపారు. రోడ్డుని కొండ అవతలి వైపుగా మళ్లించే విషయం పరిశీలిస్తారు. ఎన్నాళ్లు పరిశీలిస్తారని అడిగితే ఇంజనీరు ఆరు వేళ్లు చూపించాడు. నెలలా అని అడిగినవాడికి జవాబు చెప్పకుండా కాఫీ తాగాడు.

పాత రోడ్డుకి నలభై మూడు మలుపులు. ఆస్పత్రికి గంటా ఇరవై నిమిషాలు. వైత్సా వారానికి మూడుసార్లు ఆ మలుపులన్నీ వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి లెక్కపెట్టేది. మలుపులన్నిటికీ తనకి గిట్టని చుట్టాల పేర్లు పెట్టుకుంది. పద్దెనిమిదోది వాళ్ల అత్తగారు, అక్కడ కడుపులో తిప్పుతుంది. ముప్పయ్యోది తోడికోడలు, పోతూనే ఉంటుంది, అవదు. ఇరవై ఏడో మలుపుకి మాత్రం ఏ పేరూ పెట్టలేదు. అంబులెన్సులో స్తెర్గియోస్ ప్రాణం పోయింది అక్కడ. కొత్త రోడ్డు వేస్తే ఆస్పత్రి ఇరవై నిమిషాల దూరం.

“ఆరేళ్లట,” అంది వైత్సా, కాగితం చదివి వస్తూ. “అంత పొడుగు పనులేవీ నేను పెట్టుకోలేదే.”

“నేను ఆ పిల్లకి చెప్పేస్తాను వదినా.”

“చెప్పావంటే నీ ఇంటి గడప తొక్కను. ఆ పిల్ల మొహం చూశావా? రెండేళ్లు పెంకులు లెక్కపెట్టింది. ఇప్పుడు థెస్సలొనీకి యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్లు ఫోన్ చేస్తున్నారు. నా మూత్రపిండాల కోసం ఆ పిల్ల పరువు తీశానంటే రేపు నా ఎముకలు బొగ్గులా వస్తాయి. కడిగేదానివి నువ్వే, గుర్తుంచుకో.”

అసిమీనా ఆదివారం చర్చిలో పాదిరి పాపా-అర్గీరిస్‌తో పాపం చెప్పుకుంది. బాప్తిస్మం లేని మనిషిని కడిగానని, దానివల్ల రోడ్డు ఆగిందని అంతా చెప్పింది. ఆయన గడ్డం నిమురుకుంటూ చాలాసేపు విన్నాడు.

“ఎరుపా, తెలుపా?” అన్నాడు చివరికి.

“రెత్సీనా, ఫాదర్.”

“అది తప్పు,” అన్నాడాయన.

ఆగస్టు నెలాఖరున ప్రొఫెసరు వచ్చాడు. తెల్ల టోపీ, తెల్ల బూట్లు. బూట్లు తెల్లగా పది నిమిషాలున్నాయి. ఏడో సమాధాయన మీదకి వంగి, భూతద్దంతో మోకాళ్లు చూసి, “అద్భుతం,” అన్నాడు. అసిమీనా తొట్టిలో మరీ కిందకి వంగింది.

“అయితే ఒక మనిషి ఆచారం అవడు,” అన్నాడు ప్రొఫెసరు పోలిక్సేనితో. “ఇద్దరు కావాలి. పక్కనే ఎనిమిదో సమాధి మూతపెంకు పైకి కనిపిస్తోందిగా. మూత తీయండి. దాంట్లోనూ వైన్ ఉంటే రోడ్డు కొండ అవతలికి పోవాల్సిందే, నేనే సంతకం పెడతాను. లేకపోతే మొదటిదాని మీద ఎలాగో ఒలికిందనుకుందాం. రోడ్డు ఇటే వస్తుంది.”

ఆయన వెళ్లాక అసిమీనా గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఎవరి పరువూ పోదు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఎనిమిదో సమాధి తెరుస్తారు, దాంట్లో మట్టి తప్ప ఏమీ ఉండదు, రోడ్డు వస్తుంది.

“నువ్వు చేతులు కట్టుకు కూచుంటే చాలు,” అంది వైత్సా. “పుట్టిన దగ్గర్నుంచీ నీకు రాని పని అదొక్కటే.”

తర్వాతి మంగళవారం ఎనిమిదో సమాధి మూత తీశారు. మధ్యాహ్నానికల్లా ఎముకలు పందిరి కింద పళ్లెంలోకి వచ్చాయి. పొడి తీసే మనిషి గురువారం వస్తాడు. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదని పోలిక్సేని పళ్లెం చుట్టూ ఎర్ర తాడు కట్టి, కొలతల కాగితాలతో పైకి వెళ్లింది.

ఆడమనిషి. చిన్న ఎముకలు. తల ఏడో సమాధి వైపు తిప్పి పడుకోబెట్టారట. కింది ముందుపళ్ల మధ్య సన్నటి గాడి ఉంది. నూలు పళ్లతో పట్టి కొరికేవాళ్లకి అలా అరుగుతుంది. అసిమీనా వాళ్లమ్మకీ అలాగే ఉండేది. పళ్లెంలో ఆవిడ నల్లగా, మట్టి గడ్డలతో ఉంది. పక్క పళ్లెంలో ఆయన తేనె రంగులో మెరుస్తున్నాడు.

“పెళ్లికొడుకులా ఉన్నాడు,” అంది వైత్సా.

అసిమీనా తొట్టిలోంచి ఇంకో పెంకు తీసింది.

“ఆయనకి తలంటు పోసి, ఆవిణ్ని ఇలా వదిలేస్తామా?”

“వదినా, నువ్వు చిక్కుళ్లు వలువు.”

“వలిచేశాను.” వైత్సా మందుల సంచి ఒళ్లోకి లాక్కుని, మాత్రల డబ్బా తీసింది, స్కార్ఫు తీసింది, దాని కింద నుంచి ఎర్ర వైన్ సీసా తీసింది.

అసిమీనా కళ్లు తేలేసింది. “నీకు మతి పోయిందా? దీని మీద ఒక్క చుక్క పడితే రోడ్డు రాదు.”

“తెలుసు.”

“ఇంకా ఆరేళ్లు నలభై మూడు మలుపులు.”

“లెక్కలు నాకు చెప్పకు. నేను చేసుకున్నాను.” వైత్సా సీసా మూత తిప్పింది. “నాకు రోడ్డు రావాలని ఒక ఆడమనిషిని మట్టి మట్టిగానే పెట్టెలో పంపించామని ఎవరైనా అంటే నేను తల ఎక్కడ పెట్టుకోవాలి? లే, చేతులు కడుక్కో.”

అసిమీనా లేచింది. చేతులు కడుక్కోలేదు. ఎర్ర తాడుకీ వైత్సాకీ మధ్య నిలబడింది. వైత్సా కుడివైపు నుంచి వచ్చింది, ఎడమవైపు నుంచి వచ్చింది. అరవై ఏడేళ్లావిడా డెబ్బై రెండేళ్లావిడా పళ్లెం చుట్టూ కోళ్ల గూడు దగ్గర నక్కా కుక్కా తిరిగినట్టు రెండు చుట్లు తిరిగారు. మూడో చుట్టులో ఇద్దరికీ ఆయాసం వచ్చి చెరో పీట మీదా కూలబడ్డారు. సీసా వైత్సా చేతిలోనే ఉంది.

“నువ్వు నిద్రపోవా? ఎప్పుడో పోతావుగా,” అంది వైత్సా. “నేను కూచునే ఉంటాను.”

అసిమీనా ఆమె కాళ్లు చూసింది. నీరు పట్టి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. తర్వాత పళ్లెంలో ఆవిణ్ని చూసింది. నిజం చెప్పాలంటే, వైత్సా సీసా తీయకముందే ఆమె చేతులు దురదపెడుతున్నాయి. మార్చిలో స్తెర్గియోస్ పుర్రె ఒళ్లో పెట్టుకున్నప్పుడు, ఐదేళ్లలో మొదటిసారి ఆ తల బరువు మళ్లీ చేతికి తెలిసింది. ఎంత తేలిగ్గా ఉందో ఎవరికీ చెప్పలేదు. ఈవిణ్ని అలా పట్టుకునేవాళ్లెవరూ లేరు.

“సీసా పట్టుకుని ఇక్కడే కూచో,” అంది. “నేను వచ్చేలోపు పోశావంటే నిజంగానే నీ ఎముకలు కడగను.”

ఎండలో వాలెక్కి పోలిక్సేని ఆఫీసుగా వాడే రేకు డబ్బాలాంటి గదిలోకి వెళ్లింది. పోలిక్సేని మేజా మీద గోడల నక్షా పరుచుకుని రంగులు వేస్తోంది.

“రా పిన్నీ. చల్లటి నీళ్లు తాగుతావా?”

“గురువారం వచ్చే మనిషి తనకి కావలసినంత పొడి తీసుకోనీ,” అంది అసిమీనా నిలబడే. “ఆ తర్వాత ఆవిణ్ని కడగనివ్వు. పొడి తీశాక నీకు నష్టం లేదుగా.”

“కడగడం దేనికి?”

“ఆయన్ని కడిగాను కాబట్టి.”

పోలిక్సేని చేతిలో స్కెచ్‌పెన్ నక్షా మీద అలాగే ఉండిపోయింది. ఒక ఇంటి వంటగది మూలన ఎర్ర చుక్క పెద్దదవుతూ వచ్చింది.

“ఎప్పుడు?”

“జులైలో. నువ్వు మీటింగుకి వెళ్లిన రోజు. ఎవరూ లేరని.”

“వైన్‌తో.”

“రెత్సీనాతో. ఎర్రది లేదు. మా ఆయన పోసింది. మంచిదే.”

పోలిక్సేని లేచి, బయటికి వెళ్లి, తన కారులో కూచుని తలుపేసుకుంది. అద్దాలు పైకెత్తుకుంది. ఆ ఎండలో కారులో అలా ఎవరూ కూచోలేరు. పావుగంట కూచుంది. కింద పనివాళ్లు పారలు ఆనుకుని చూస్తున్నారు. అసిమీనా డబ్బా నీడలో నిలబడి, వెళ్లాలో ఉండాలో తెలియక నక్షా కింద పడకుండా అంచు మీద రాయి పెట్టింది.

కారు తలుపు తెరుచుకుంది. పోలిక్సేని మొహమంతా చెమట. మిగతాది ఏమిటో అసిమీనా అడగలేదు.

“నేను ఆ ఉత్తరం పదకొండు మందికి పంపాను పిన్నీ.”

“తెలుసమ్మా.”

“ఒకాయన జర్మనీ నుంచి అభినందించాడు.”

“వైత్సా నిన్ను బాధపెట్టొద్దంది. నేను విన్లేదు. ఆవిడకి ఆ రోడ్డు కావాలి. అది కూడా ఆవిడ చెప్పొద్దంది.”

పోలిక్సేని చాలాసేపు కింద గోడల వంక చూసింది. తర్వాత జేబులోంచి నోటుపుస్తకం తీసి, చేత్తో మొహం తుడుచుకుని, కొత్త పేజీ తిప్పింది.

“ఎన్ని లీటర్లు?”

“లీటరున్నర. అంతా ఆయనకే పోయలేదు. కొంచెం మేమూ తాగాం.”

“ఎంత కొంచెం?”

“అది వైత్సానే అడగాలి.”

వైత్సా తాగింది ఒక గ్లాసని చెప్పి, తర్వాత రెండని ఒప్పుకుంది. వైన్ పోసింది ఎవరని పోలిక్సేని అడిగితే, ఇద్దరమూ అంది. “నా పేరు ముందు రాయమ్మా. పెద్దదాన్ని.” ఆ పేజీ కింద ఇద్దరి చేతా సంతకాలు పెట్టించింది. వైత్సా కళ్లజోడు లేకుండా పెట్టిన సంతకం పక్క పేజీలోకి కూడా వెళ్లింది. ఎర్ర వైన్ సీసా పోలిక్సేని తన బల్ల సొరుగులో పెట్టి తాళం వేసింది. “జవాబు కాగితం వచ్చేదాకా ఆవిణ్ని ముట్టుకోరు. వచ్చాక మాట్లాడదాం,” అంది. మాట్లాడదాం అనడం ఒప్పుకోవడమో కాదో వాళ్లకి తెలియలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

ఆ సాయంత్రం ఆమె ప్రొఫెసరుకి ఫోన్ చేసింది. స్పీకరు పెట్టలేదు, అయినా ఆయన గొంతు పందిరి దాకా వినిపించింది. కాసేపటికి గొంతు తగ్గింది. పోల్చి చూడడానికి ఆ పీపాలోని రెత్సీనా పంపమన్నాడు. ప్రయోగశాలకి చెంచాడు చాలట. ఆయన మూడు లీటర్లు అడిగాడు.

మూడు వారాలకి జవాబు వచ్చింది. ఎనిమిదో సమాధిలో వైన్ లేదు. ఏడో సమాధిలోని వైన్, స్తెర్గియోస్ పీపాలోని వైన్ ఒకటే. కాఫీకొట్టు తలుపు మీద పాత కాగితం పైన కొత్త కాగితం అతికించారు. సోమవారం నుంచి రోడ్డు యంత్రాలు మళ్లీ కదులుతాయి. రోడ్డు పూర్తవడానికి రెండేళ్లు పడుతుందని ఇంజనీరు అన్నాడు. వైత్సా ఆయన వేళ్ల వంక చూసి, రెండే చూపించాడని రూఢి చేసుకుని, “రెండు సర్దుకోవచ్చు,” అంది.

పదకొండు మందికీ పోలిక్సేని మళ్లీ రాసింది. ఏం రాసిందో ఎవరికీ చెప్పలేదు. వారం రోజులు పనివాళ్లతో అవసరానికి మించి మాట్లాడలేదు. అసిమీనా తొట్టి దగ్గర ఆగేది కాదు. జర్మనీ ఆయన మాత్రం తిరిగి జవాబిచ్చాడట, ఆ ఇద్దరు స్త్రీల ఫొటో ఉంటే పంపమని. ఆ సంగతి చెబుతూనే ఆమెకి నవ్వు వచ్చింది. ఆపుకోబోయి దగ్గింది.

శనివారం ఎముకల్ని మ్యూజియం పెట్టెల్లో సర్దే రోజు. పొద్దున తొమ్మిదింటికి పోలిక్సేని సొరుగు తాళం తీసి, సీసా తెచ్చి తొట్టి అంచు మీద పెట్టింది.

“నేను చూడలేదు,” అంది. “నియమాల ప్రకారం నేను ఒప్పుకోకూడదు. నేను అటు తిరిగి నిలబడతాను. మొదలుపెట్టిన టైము, ముగించిన టైము మాత్రం రాస్తాను. మళ్లీ ఎవరూ మోసపోకూడదు.”

పందిరికి వీపు పెట్టి, దారి మీద వరసగా ఆపిన పసుపు యంత్రాల వైపు తిరిగి నిలబడింది. పనివాళ్లు ఒకరొకరే పారలు దించి వచ్చారు. ఒకడు టోపీ తీశాడు. ఇంకొకడి భార్య ఇంటి నుంచి కాఫీ పట్టుకొచ్చింది. అసిమీనా ఆ చిన్న తలని ఒళ్లోకి తీసుకుంది. వైత్సా సన్నటి ధారగా పోసింది. మట్టి ముందు బురదై కారింది, తర్వాత పల్చబడింది, తర్వాత ఎర్రటి వైన్ ఒక్కటే కారింది. నూలు గాడిలో ఇరుక్కున్న మట్టిని అసిమీనా గోటితో తీసింది. మెల్లమెల్లగా తేనె రంగు బయటికి వచ్చింది.

“ఆయనకంటే ఈవిడే నయం,” అంది వైత్సా.

“ఎప్పుడూ అంతేగా,” అంది కాఫీ తెచ్చినావిడ.

అసిమీనా తలని పళ్లెంలో పెట్టబోయింది.

“దవడ కింద ఇంకా మట్టి ఉంది పిన్నీ,” అంది పోలిక్సేని. “ఎడమవైపు.”

అందరూ ఆమె వంక చూశారు. పోలిక్సేని యంత్రాల వైపే తిరిగి, నోటుపుస్తకంలో టైము రాసుకుంటోంది.